క్యాజువాలిటీ డాక్టరుకి మళ్లీ ఇంకో చదువెందుకు?

మన పక్క చెయ్యో కాలో ఇరిగితే ఇంట్లో పెద్దోళ్ల నోట్లోంచి మొదట వచ్చే మాట పుత్తూరు. "పోయి పుత్తూరు కట్టు కట్టించుకోని రాపో" అంటారు. మదరాసు నుంచి, బెంగళూరు నుంచి గూడా కార్లేసుకోని జనం ఆడికి వస్తారు. వాళ్లు తరతరాలుగా ఒకే పని చేస్తాండారు, ఆ చేతికి ఆ పని తెలుసు అనే నమ్మకం. (ఎముక తోలు చించుకోని బయటికొచ్చుంటే మాత్రం నేరుగా ఆస్పత్రికే పోవాల. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.)

అంటే ఒకే రకం కష్టం మీద ఏండ్ల తరబడి కూర్చున్న మనిషికీ, అన్నీ రవ్వంత రవ్వంత తెలిసిన మనిషికీ తేడా ఉంటాదని మనోళ్లకి ఎవురూ పాఠం చెప్పక్కర్లేదు. గుండెకి ఒక డాక్టరు, కిడ్నీలకి ఒక డాక్టరు, నరాలకి ఒక డాక్టరు అని తిరుపతి స్విమ్స్ కాడ క్యూలో నిలబడిన ఏ రైతునడిగినా చెప్తాడు.

మరి రాత్రి పదకొండు గంటలకి మడి కాడ పాము కరిస్తే? పీలేరు రోడ్డులో బైకు పోయి లారీకి గుద్దుకుంటే? అప్పుడు మనకి ఏ డాక్టరు పేరూ గుర్తుకి రాదు. "ముందు ఆస్పత్రికి ఎత్తకపోండి" అంటాం, అంతే. ఆడ క్యాజువాలిటీలో ఆ పొద్దు ఎవురుంటే వాళ్లే దేవుడు. ఆ దేవుడి చదువు గురించే ఈ నాలుగు మాటలు.

శానా కాలం క్యాజువాలిటీ అంటే పెద్ద డాక్టర్లు ఉండే తావు కాదు. అప్పుడే ఎంబీబీఎస్ అయిపోయినోళ్లో, ఇంకా హౌస్ సర్జన్ చేస్తాండే పిల్లలో కూర్చునేవాళ్లు. చీటీ రాసి, "మెడిసిన్ వాళ్లని పిలవండి", "ఆర్థో వాళ్లని పిలవండి" అని ఫోన్లు కొట్టేవాళ్లు. పెద్ద డాక్టరు మేడ దిగి వచ్చేలోపల జరగాల్సింది జరిగిపోయేది. అమెరికాలో గూడా ఒకప్పుడు ఇదే కత. ఆడ 1970లో సిన్సినాటి యూనివర్సిటీలో మొట్టమొదట ఎమర్జెన్సీ డాక్టర్లకంటూ ప్రత్యేకంగా శిక్షణ మొదలుపెట్టినారు. 1979లో దాన్ని సొంత స్పెషాలిటీగా ఒప్పుకున్నారు. మన దేశంలో మెడికల్ కౌన్సిల్ ఆ మాట ఒప్పుకునేదానికి 2009 దాకా పట్టింది. ముప్పై ఏండ్లు ఎనకబడినాం అన్నమాట.

ఆ తర్వాతనే ఎండీ ఎమర్జెన్సీ మెడిసిన్ సీట్లు ఒకటొకటిగా వచ్చినాయి. మన స్విమ్స్‌లో ఆ విభాగం ఉండాది, పక్కన రాయవేలూరు సీఎంసీలో ఉండాది. అట్టని దారి సాఫీగా పోతాందనుకోవద్దు. 2020లో ప్రతి మెడికల్ కాలేజీలో ఎమర్జెన్సీ మెడిసిన్ విభాగం ఉండి తీరాలని నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. 2023లో రూల్స్ మళ్లీ రాసేటప్పుడు తప్పనిసరి విభాగాల్లోంచి దాన్నే తీసేసినారు. దీని మీద ఆ డాక్టర్ల సంఘాలు గట్టిగానే అరిచినాయి. మన ఊర్లల్లో మాత్రం ఎవురికీ తెలిసిరాలేదు. తెలిసుంటే మనమే ముందు అరవాల్సింది.

ఎండీ చేసిన ఎమర్జెన్సీ డాక్టరుకి ఏం వస్తాది? మొదటి గంట వస్తాది. ఊపిరి ఆగిపోతాంటే గొంతులోకి గొట్టం ఏసేది, రక్తం కారిపోతాంటే ఆపేది, గుండె ఆగితే నొక్కి నడిపించేది, పక్షవాతమా కాదా అని నిమిషాల్లో తేల్చేది. ముసలోళ్లు, చంటిబిడ్డలు, గర్భంతో ఉన్నోళ్లు, తాగి పడిపోయినోళ్లు, ఎవురొచ్చినా ముందు ఆయన చెయ్యే పడాల. అన్ని తాళాలకీ ఒక తాళంచెవి మాదిరి.

అయితే కొన్ని తాళాలు శానా మొండివి. వాటి కోసం పుట్టిందే ఫెలోషిప్ అనే పై చదువు. ఎండీ మూడేండ్లు అయిపోయినాక, ఇంకో ఏడాదో రెండేండ్లో ఒకే విషయం పట్టుకోని కూర్చునేది. ఒకరు విషాల వైద్యం నేర్చుకుంటారు, దాన్ని టాక్సికాలజీ అంటారు. ఒకరు అంబులెన్సు వైద్యం, అంటే మనిషి ఆస్పత్రి గడప తొక్కకముందే జరగాల్సిన వైద్యం. ఒకరు పిల్లల ఎమర్జెన్సీ. ఒకరు మంచం పక్కనే పెట్టి చూసే స్కానింగు. ఒకరు ఐసీయూ. అమెరికాలో విషాల వైద్యానికి రెండేండ్లు, అంబులెన్సు వైద్యానికి ఒక ఏడాది. ఆటల దెబ్బలకీ, సముద్రంలోకి దిగేవాళ్ల జబ్బులకీ గూడా వేరే ఫెలోషిప్పులు ఉండాయి ఆడ. మనకి ఆ సముద్రం గొడవ వద్దులే. మన తాళాలు వేరే.

మొదటిది పాము. 2020లో వచ్చిన ఒక పెద్ద లెక్క ప్రకారం, 2000 నుంచి 2019 వరకూ మన దేశంలో పాముకాటుతో చచ్చిపోయినోళ్లు 12 లక్షల మంది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ సావులు ఉండే రాష్ట్రాల్లో మన ఆంధ్ర గూడా ఉండాది. పోయినోళ్లలో ఎక్కువ మంది పల్లెటూరోళ్లే. వానాకాలంలోనే సగం మంది పోతాండారు. వేరుశనగ పీకేటప్పుడు, వామి కాడ గడ్డి లాగేటప్పుడు, తెల్లారకముందే మోటరు ఎయ్యను పోయేటప్పుడు కాలి కింద ఏముందో మనకి తెలీదు గదా.

"పాము మందు ఉందిగదా, సూది ఏస్తే సరిపోదా?" అని అడగొచ్చు. నేనూ అట్టనే అనుకునేవాణ్ని. మా ఊర్లో ఒకాయన కొట్టంలో నేల మీద పండుకోని, తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచినాడు. ఒంటి మీద వాపు లేదు, గాటు కనపడలేదు. దగ్గర్లో ఒక చిన్న ఆస్పత్రికి తీసకపోతే గ్యాస్ అని సూది ఏసి పంపించేసినారు. పొద్దెక్కేసరికి కనురెప్పలు వాలిపోయినాయి, మాట ముద్ద కట్టింది. అప్పుడు బిన్నా తిరుపతికి ఎత్తకపోయినారు. వెంటిలేటరు మీద పెడితే బతికినాడు. అది కట్లపాము. దాని కోరలు సన్నం, కాటు నొప్పి పుట్టదు, శానామందికి కరిచిందని గూడా తెలీదు. కడుపునొప్పే మొదటి గుర్తు. ఆ చిన్న ఆస్పత్రి డాక్టరుని తిట్టేదానికి ఇది చెప్పలేదు. ఆయనకి ఎవురూ ఆ సంగతి చెప్పి ఉండరు. అడిగేదానికి ఆ యాళప్పుడు ఆయనకి ఫోన్లో గూడా ఎవురూ లేరు.

పామైపామూ ఒక రకం కాదు. నాగుపాము విషం నరాల మీద పనిచేస్తాది, దానికి మందుతో పాటు నియోస్టిగ్మిన్ అనే ఇంకో సూది ఏస్తే రెప్పలు తేలికవుతాయి. కట్లపాము విషం గూడా నరాల మీదే, కానీ ఆ సూదికి అది లొంగదు, ఊపిరి మిషనే దిక్కు. రక్తపింజర కరిస్తే రక్తం గడ్డ కట్టదు, కిడ్నీలు దెబ్బతింటాయి. దాన్ని తేల్చేదానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. శుభ్రమైన గాజు గొట్టంలో రవ్వంత రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి, వంచి చూసేది. గడ్డ కట్టకపోతే విషం పనిచేస్తాందని అర్థం. ఎంత మందు ఎయ్యాల, మళ్లీ ఎప్పుడు ఎయ్యాల, మందుకే ఒళ్లు ఎదురు తిరిగితే ఏం చెయ్యాల, చిన్నబిడ్డకి మందు తగ్గించాలా అనేవి అన్నీ ఆ రాత్రే తేలాల. (బిడ్డకి తగ్గించగూడదు. పాము చిన్నోళ్లకి తక్కువ విషం ఎక్కించదు గదా. ఈ ఒక్క సంగతి తెలీక తక్కువ మందు ఏసిన డాక్టర్లు గూడా ఉండారు.)

ఇంకొకటి గూడా. దేశమంతా వాడే పాము మందుకి కావాల్సిన విషం ఎక్కువగా వచ్చేది మదరాసు పక్కన ఇరుళోళ్ల సొసైటీ నుంచే. ఒకే జాతి పాము అయినా, ఒక సీమలో దాని విషం ఇంకో సీమలో ఉన్నట్టు ఉండదని పరిశోధకులు చూపించినారు. మరి మన శేషాచలం కొండల పక్కన, పలమనేరు పక్కన తిరిగే పింజరకి ఈ మందు ఎంత బాగా పనిచేస్తాంది? లెక్క రాసి పెట్టేవాళ్లు ఉంటేనే గదా తెలిసేది. రోజుకి వంద కేసులు చూసే క్యాజువాలిటీ డాక్టరుకి ఆ తీరిక యాడుంటాది? ఆ పని పెట్టుకున్నోడికే అది తెలస్తాది.

రెండోది పురుగుమందు. ఈ మాట రాయాలంటేనే చెయ్యి ఆగుతాది. అప్పులో, ఇంట్లో గొడవో, పరీక్ష పోయిందనో, ఒక్క నిమిషం కోపంలో చేసిన పని ఎన్ని కొంపలు ముంచిందో మనకి తెలుసు. ఇది చదివేవాళ్లలో ఎవురికైనా మనసు అట్ట పోతాంటే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు, రాత్రి అయినా పలుకుతారు.

డాక్టరు పక్క నుంచి చూస్తే ఈ విషాలు శానా మాయదారివి. ఒక రకం పురుగుమందుకి అట్రోపిన్ ఏస్తారు. ఊపిరితిత్తుల్లో నీళ్లు ఆరేదాకా నిమిషాల లెక్కన రెట్టింపు రెట్టింపు చేసుకుంటా పోవాల. భయపడి తక్కువ ఏస్తే మనిషి దక్కడు. సరే, మొదటి రోజు గట్టెక్కినాడు, లేచి కూర్చున్నాడు, కాఫీ తాగినాడు. ఇంట్లోవాళ్లు "ఇంక పోతాం సార్, పనులు ఆగిపోయినాయి" అంటారు. అయితే ఒకటి నుంచి నాలుగు రోజుల లోపల మెడ నిలబడకుండా పోయి, ఊపిరి ఆడించే కండరాలు సచ్చుబడే గండం ఇంకోటి ఉండాది. అది తెలిసిన డాక్టరు "తల పైకెత్తు చూద్దాం" అని పూటపూటకీ అడుగుతాడు. తెలీనిచోట మూడో రోజు ఇంటికి పంపించేస్తారు.

మన రాయలసీమకి ఇంకో పాడు పేరు ఉండాది. జుట్టుకి ఏసే రంగు మింగిన కేసుల గురించి మన పక్క ఆస్పత్రుల డాక్టర్లు గూడా రాసినారు. గొంతు, నాలుక గంటల్లో వాచి ఊపిరి మూసుకుపోతాది. అప్పుడు గొంతు కింద కోసి దారి చెయ్యాల. అది దాటినా కండరాలు కరిగి కిడ్నీల మీద పడతాది. అమెరికా పుస్తకాల్లో దీని గురించి రవ్వంతే ఉంటాది, ఎందుకంటే ఆడ ఈ కష్టం లేదు. మన కష్టానికి మన పుస్తకం మనమే రాసుకోవాల.

అట్ట రాసుకున్న మనిషి కత ఒకటి చెప్తా. మహారాష్ట్ర కొంకణంలో మహాడ్ అనే ఊరు. ఆడ ఎర్ర తేలు కుడితే పిల్లలు టపటప పోయేవాళ్లు, నూటికి ముప్పై మంది దాకా. హిమ్మత్‌రావ్ బావస్కర్ అని ఒక డాక్టరు, చిన్న సర్కారు ఆస్పత్రిలో పనికి చేరినాడు. తేలు కుట్టినోళ్ల మంచం పక్కనే రాత్రులు కూర్చోని, గుండె ఎట్ట కొట్టుకుంటాంది, రక్తపోటు ఎట్ట మారతాంది అని రాసుకున్నాడు. బీపీకి వాడే ప్రాజోసిన్ అనే అగ్గువ బిళ్ల దీనికి విరుగుడుగా పనికొస్తాదని కనుక్కున్నాడు. లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో అచ్చయింది. సావులు నూటికి ఒకటికో రెండుకో దిగిపోయినాయి. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చినారు. ఆయన ఏ ఫెలోషిప్పూ చెయ్యలేదు, ఒప్పుకుంటా. అయితే ఆయన చేసిందే ఫెలోషిప్పు. ఒకే కష్టం పక్కన విడవకుండా కూర్చునేది, లెక్క రాసేది, రాసింది నలుగురికీ నేర్పేది. ప్రతి ఊరికీ ఒక బావస్కర్ పుడతాడని కాచుకోని ఉండలేం గదా. అట్టాంటోళ్లని తయారుచేసే చదువు కావాల.

శ్రీలంకలో ఆ పని పద్ధతిగా చేసినారు. పల్లె ఆస్పత్రుల్లో పురుగుమందు కేసుల్ని ఏండ్ల తరబడి లెక్క గట్టి, ఏ మందు మింగినోళ్లు ఎక్కువ పోతాండారో తేల్చినారు. ఆ లెక్క చూపించి సర్కారు చేత పారాక్వాట్ మాదిరి మందుల్ని 2008 నుంచి 2011 లోపల ఆపించినారు. సేద్యం ఆగలేదు, సావులు తగ్గినాయి. విషాల డాక్టరు ఒకడు క్యాజువాలిటీలో కాపాడేది రోజుకి ఒకరినో ఇద్దరినో. ఆయన రాసిన లెక్క కాపాడేది వేలమందిని.

మూడో తాళం మన కొండ. అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఉపవాసం ఉండి, బీపీ బిళ్ల మానేసి, అరవై ఏండ్ల మనిషి ఎండలో ఎక్కుతాడు. గాలిగోపురం కాడ గుండె పట్టుకోని కూలబడితే, ఆడికి వైద్యం ఎన్ని నిమిషాల్లో వస్తాది? మిషన్లు ఏయే మెట్టు కాడ పెట్టాల? మెట్ల దుకాణాలోళ్లకి గుండె నొక్కేది ఎవురు నేర్పాల? ఇవన్నీ అంబులెన్సు వైద్యం చదివినోళ్ల లెక్కలు. జనం గుంపులుగా చేరే తావుల్లో వైద్యం ఎట్ట చెయ్యాల అనేది దాంట్లో ఒక పెద్ద పాఠం. ఉత్సవాలకీ, యాత్రలకీ దేశదేశాల్లో దాని మీద పరిశోధనలు జరుగుతాండాయి. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కాడ తొక్కిసలాటలో ఆరుగురు పోయినారు. దెబ్బలు తగిలినోళ్లని రుయాకి, స్విమ్స్‌కి చేర్చినారు. ఆ రాత్రి మనం శానామంది టీవీల ముందర కూర్చోని చూసినాం.

అంతకుముందు 2022 మార్చి 26 రాత్రి, ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థానికి వస్తాండే బస్సు భాకరాపేట ఘాటులో లోయలోకి పడింది. ఏడుగురికి పైగా పోయినారు, పదుల మందికి దెబ్బలు తగిలినాయి. చీకట్లో, కొండ లోపలికి తాళ్లు కట్టుకోని దిగి మనుషుల్ని పైకి తెచ్చినారు. అట్టాంటప్పుడు పది మందికి ఒక అంబులెన్సు వస్తే ఎవుర్ని ముందు ఎక్కించాల? గట్టిగా అరిచేవాణ్నే అందరూ ముందు ఎత్తుకుంటారు. అరవగలిగినోడికి ఊపిరి ఉన్నట్టు లెక్క. మూలన సప్పుడు చెయ్యకుండా పడుండేవాడే ముందు పోవాల్సినోడు కావచ్చు. ఎర్ర, పసుపు, పచ్చ, నల్ల చీటీలు కట్టి మనుషుల్ని వరసలో పెట్టేది ఒక విద్య. ఆ రాత్రి నేర్చుకుంటే వచ్చేది కాదు. రుయాకి ఎంతమంది, స్విమ్స్‌కి ఎంతమంది, అందర్నీ ఒకే గడప కాడ కుప్పెయ్యకుండా ఎట్ట పంచాల అని ముందే కాయితం మీద గీసిపెట్టుకోవాల.

108 కత గూడా ఇదే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ బండి, దేశంలో శానా రాష్ట్రాలకి దారి చూపించింది. మనం గర్వపడాల్సిందే. అయితే బండి వచ్చేది వేరు, బండిలో జరిగే వైద్యం వేరు. లోపల ఉండే టెక్నీషియన్ ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యగూడదు, ఎప్పుడు దగ్గరి ఆస్పత్రిలో ఆగాల, ఎప్పుడు ఆగకుండా తిరుపతికో కుప్పం కాలేజీకో పోవాల అని రాసిచ్చే డాక్టరు ఎనక ఉండాల. అంబులెన్సు వైద్యంలో ఫెలోషిప్ చేసినోళ్ల పని అదే.

పిల్లల ఎమర్జెన్సీ గురించి ఎక్కువ రాయను. రెండేండ్ల బిడ్డకి నరం దొరకాలంటే ఎంత కష్టమో ఒకసారి చూసినోళ్లకి చెప్పక్కర్లేదు. మంచం పక్కన స్కానింగు మాత్రం ఒక మాట చెప్పాల. కడుపులో రక్తం కారతాందా అని రెండు నిమిషాల్లో చెప్పే మిషన్ అది. కానీ ఆడబిడ్డల్ని కడుపులోనే చంపే పాపం ఆపేదానికి తెచ్చిన 1994 చట్టం వల్ల ప్రతి మిషన్‌కీ, వాడే ప్రతి డాక్టరుకీ రిజిస్ట్రేషన్ ఉండాల, ఒక తావు నుంచి ఇంకో తావుకి తిప్పేదానికి కట్టుబాట్లు ఉండాయి. చట్టం కావాల్సిందే. అందులో మన తప్పు గూడా ఉండాది. ఆ తప్పుకి ఇప్పుడు యాక్సిడెంటు అయినోడు గూడా జరిమానా కడతాండాడు.

ఇంక మన దేశంలో ఈ పై చదువు యాడ దొరుకుతాది? నేరుగా చెప్తా. గట్టి గుర్తింపు ఉన్న దారి ఐసీయూ వైద్యం ఒకటి. ఎమర్జెన్సీ ఎండీ అయినోళ్లు నీట్ సూపర్ స్పెషాలిటీ రాసి, క్రిటికల్ కేర్‌లో మూడేండ్ల డీఎం గానీ డీఆర్ఎన్‌బీ గానీ చెయ్యొచ్చు. విషాల వైద్యానికీ, అంబులెన్సు వైద్యానికీ అంత గట్టి మెట్టు మన కాడ ఇంకా కట్టలేదు. అందుకే ఆ ఆశ ఉన్నోళ్లు బయటి దేశాలకి ఎగిరిపోతారు.

ఈ సందులోనే ఒక మోసం గూడా జరగతాంది, డాక్టరు కావాలనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ వినండి. ఫెలోషిప్ అనే మాటకి మన దేశంలో కాపలా లేదు. ఏ ప్రైవేటు ఆస్పత్రైనా ఏడాది కోర్సు అని బోర్డు పెట్టి, తక్కువ జీతానికి రాత్రి డ్యూటీలు చేయించుకోని, కడాకి ఒక కాయితం చేతిలో పెట్టొచ్చు. కొన్ని తావుల పని బాగానే నేర్పతారు. అయితే ఆ కాయితం మెడికల్ కౌన్సిల్‌లో నమోదు కాదు, సర్కారు ఉద్యోగానికి లెక్కకి రాదు. విదేశీ యూనివర్సిటీ పేరుతో కార్పొరేటు ఆస్పత్రుల్లో నడిచే ఎమర్జెన్సీ మాస్టర్స్ కోర్సులకి గూడా మన కమిషన్ గుర్తింపు లేదు. చేరకముందే "ఈ కోర్సు రిజిస్టర్ అవుతాదా, నాకు నేర్పేవాళ్లు ఎవురు, నేను చూసే కేసులు ఎన్ని" అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే ఎనక్కి తిరిగిరండి.

ఇప్పుడు నా వాదన. విషాల వైద్యం ఫెలోషిప్ ఈ దేశంలో యాడైనా పెట్టాలంటే తిరుపతిలోనే పెట్టాల. పక్కపక్కనే రుయా, స్విమ్స్ ఉండాయి. 1960లో పెట్టిన ఎస్వీ మెడికల్ కాలేజీ ఉండాది. 1993లో మొదలైన స్విమ్స్‌కి 1995 నుంచి సొంత యూనివర్సిటీ హోదా ఉండాది, కోర్సు గీసుకునేదానికి వేరేవాళ్ల గడప తొక్కక్కర్లేదు. కిడ్నీ విభాగం, డయాలసిస్ ఆడే ఉండాయి. కేసులకి కొదవ లేదు, అది మన ఖర్మ. చదువుకునేవాళ్లు తిరుపతిలోనే ఏసీ కింద కూర్చోకుండా, రెండేసి నెలలు పలమనేరు, మదనపల్లి, శ్రీకాళహస్తి సర్కారు ఆస్పత్రుల్లో పనిచేసేట్టు పెట్టాల. 2024 మార్చిలో కేంద్రం పాముకాటు మీద జాతీయ ప్రణాళిక తెచ్చి, 2030కల్లా సావులు సగం చేస్తామని చెప్పింది. సగం చేసే మనుషులు ఎవురు, వాళ్లకి నేర్పేది ఎవురు అని అడిగే హక్కు మనకి ఉండాది.

"పీహెచ్‌సీలోనే డాక్టరు ఉండడు, నువ్వు రెండేండ్ల పై చదువు అంటాండావు" అని ఒకాయన నన్ను ఎగతాళి చేసినాడు. ఆ మాటలో నిజం ఉండాది. పాము మందు లేని పీహెచ్‌సీ పక్కన టాక్సికాలజిస్టు గురించి మాట్లాడేది గుడిసెకి గాజుకిటికీ పెట్టినట్టే. మొదట పీహెచ్‌సీలో మందు ఉండాల, డాక్టరు ఉండాల. దాంట్లో రాజీ లేదు. అయితే ఆ పీహెచ్‌సీ డాక్టరు మందు ఉండి గూడా ఎయ్యకుండా "తిరుపతికి తీసకపోండి" అని రాసేది ఎందుకో ఎవురైనా అడిగినారా? మందు పడకపోతే మనిషి నా చేతిలో పోతాడేమో అనే భయం. ఆ భయం సర్కులరు పంపిస్తే పోదు. చేసి చూపించినోడు పక్కన ఉండి నేర్పితే పోతాది. అట్ట నేర్పే పది మందిని తయారు చేసేదానికే ఈ చదువు.

ఇంకో గట్టి అడ్డం ఉండాది, అది సర్కారుదే. కష్టపడి ఈ ఫెలోషిప్ చేసినాక చేరేదానికి ఉద్యోగం లేదు. సర్కారు ఆస్పత్రిలో విషాల డాక్టరు అనే పోస్టే లేనప్పుడు ఎంబీబీఎస్ ఐదున్నరేండ్లు, ఎండీ మూడేండ్లు చదివినోడు ఇంకో రెండేండ్లు ఎందుకు తగలేస్తాడు? చేసినా బెంగళూరుకో మదరాసుకో పోతాడు. వాణ్ని తప్పు పట్టలేం. జిల్లాకి ఒక పోస్టు పెట్టి, దానికి జీతం తేడా చూపిస్తేనే ఈ మాటకి విలువ.

డాక్టరు సీటు అందరికీ రాదు. ఎమర్జెన్సీ టెక్నీషియన్ కోర్సులు ఉండాయి, ఇంటర్‌లో బైపీసీ చదివినోళ్లు చూడొచ్చు. 2021లో వచ్చిన చట్టం ఆ చదువులకి గూడా ఒక కమిషన్ పెట్టింది. అదీ గాకపోతే కనీసం ఇంత చెయ్యండి. పాము కరిస్తే కట్టు గట్టిగా బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం కాడ గంటలు పోగొట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి, 108కి ఫోన్ చేసి, ఎన్ని గంటలకి కరిచిందో ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టండి. ఆ చీటీని డాక్టరు అడగతాడు.

నాకున్న కోరిక ఒకటే. రాత్రి రెండు గంటలకి సత్యవేడు పక్కన ఒక పీహెచ్‌సీలో, నిరుడు ఎంబీబీఎస్ అయిన పిల్ల డ్యూటీలో ఉంటాది. ముందర రెప్పలు వాలిపోతాండే మనిషి. ఆ పిల్ల తిరుపతికి ఫోన్ కొడితే, అవతల ఇదే పని మీద రెండేండ్లు కూర్చున్న డాక్టరు ఎత్తి, "గాబరా పడొద్దమ్మా, పది వయల్స్ తియ్యి, నేను లైన్లోనే ఉంటా" అనాల.